మర తిరగని నాలుగు నెలలు

పోయిన వారం మా షాపుకు ఒక పిండిమర మోటరు వచ్చింది. లోపల తీగ కాలిపోయింది, మళ్ళీ చుట్టాలి. మూత విప్పితే తీగల సందుల్లో పిండి పేరుకుని, వేడికి మాడి, బిళ్ళలు కట్టి ఉంది. గీకుతుంటే జొన్నరొట్టె మాడిన వాసన వచ్చింది. నన్ను ఈ పనిలో పెట్టిన మనిషి గుర్తుకొచ్చింది. ఆమె పోయి రెండేళ్ళు దాటింది.

ఆమె పేరు నేను ఒక్కసారి కూడా పలకలేదు. కరెంటు బిల్లు మీద ఆమె భర్త పేరుండేది. ఊళ్ళోవాళ్ళు మరామె అనేవాళ్ళు. నేను పెద్దమ్మా అనేవాణ్ణి. కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు దాటాక, రాతిగుట్టలకు ఆనుకుని ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఆమె పిండిమర. రేకుల షెడ్డు, ముందు షట్టరు, పక్క గోడకు మీటరు, వెనకనే ఇల్లు.

మర నడిపేవాళ్ళు గట్టిగా మాట్లాడతారు. ఆ చప్పుడులో వినపడాలి గదా. ఆమె అట్లా కాదు. చెప్పాల్సింది ఉంటే మనిషి దగ్గరికి వచ్చి, చెవి పక్కన నిలబడి, మెల్లగా చెప్పేది. అదే అలవాటై, మర ఆగినప్పుడూ వీధిలో కనపడినప్పుడూ అంత దగ్గరగానే నిలబడి మాట్లాడేది. కొత్తవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు. ఆమె ఒక అడుగు ముందుకు వేసేది. పొడుగు మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ పిండి ఉండేది. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ఆ పిండి కింద కళ్ళు కదలకుండా ఉండేవి.

మర ఆపాక కూడా లోపల గుప్పెడో రెండు గుప్పిళ్ళో పిండి మిగిలిపోతుంది. చాలా మరల్లో అది మర యజమానిదే. ఆమె మాత్రం పిండి పడే గుడ్డ గొట్టాన్ని అరచేత్తో కొట్టి కొట్టి, చివరి పిండి కూడా వచ్చినవాళ్ళ డబ్బాలో పడేదాకా వదిలేది కాదు. వెనక నిలబడినవాళ్ళు విసుక్కునేవాళ్ళు. మిరపకాయలు పట్టిన తర్వాత ఎవరి జొన్నలైనా పోయాల్సి వస్తే, ముందు తన ఇంటి జొన్నలు కొన్ని పోసి, ఆ కారం కలిసిన పిండిని తీసి అవతల పారేసేది. రంజాన్ నెలలో నేను ఆ ఊరికి పోతే, అందరిలా నీళ్ళు కావాలా అని అడిగేది కాదు. బయట ఉన్న మంచాన్ని నీడలోకి జరిపి తన పనిలోకి పోయేది.

చూడని సంగతి ఆమె చెప్పేది కాదు. రాత్రి ఇక్కడ వాన పడిందా పెద్దమ్మా అని ఒకసారి అడిగితే, ఊళ్ళో పడలేదని, గుట్టకవతల పడిందంటున్నారు గానీ తాను చూడలేదని చెప్పింది. ఆ చివరి ముక్క అక్కర్లేదు. అయినా చెప్పింది. అప్పుడు నవ్వుకున్నాను.

అప్పట్లో నేను ఇంటింటికీ తిరిగి, మీటరు చూసి, అక్కడికక్కడే బిల్లు కొట్టి ఇచ్చే పనిలో ఉన్నాను. కరెంటాఫీసు ఉద్యోగం కాదు, కాంట్రాక్టరు కింద పని. భుజానికి బిల్లు మిషను, ఒక పాత మోపెడ్డు. ఎన్ని బిల్లులు కొడితే అంత కూలి. ఒక ఇంటి ముందు పావుగంట నిలబడితే నాకు నష్టం.

ఆ ఏడు వేసవిలో ఆ మర మీటరు పాడైంది. అంకెలు కనపడే అద్దం నల్లబడింది. అదే సమయంలో మర మూతపడింది. ఆమె భర్తకు జబ్బు ముదిరి కర్నూలు పెద్దాసుపత్రిలో చేర్చారని టీ కొట్టు దగ్గర విన్నాను. మా బిల్లు మిషనులో ఒక మీట నొక్కితే ‘మీటరు పనిచేయడం లేదు’ అని పడుతుంది. అప్పుడు అది ముందు నెలల వాడకం చూసి, సగటు కట్టి, ఆ లెక్కన బిల్లు అచ్చు వేస్తుంది. ముందు నెలలంటే కారం పట్టించుకునే నెలలు, మర పగలంతా తిరిగే కాలం. షాపు మూసి ఉంటే దానికి వేరే ఫారం ఉంది. అది నింపి, ఆఫీసుకు పోయి, ఇంజనీరు చేతికివ్వాలి. దానికి ఒక పూట పోతుంది. నేను మీట నొక్కాను. వచ్చిన కాగితాన్ని షట్టరు కింది సందులోంచి లోపలికి తోశాను. నాలుగు నెలలు అదే చేశాను. షట్టరుకు తాళం ఉందని, ఆ తాళం మీద దుమ్ము పేరుకుందని నాలుగుసార్లూ చూశాను.

ఐదో నెల నేను పోయేసరికి ఆమె మీటరు కింద నిలబడి ఉంది. భర్త పోయాడని, దినాలు కూడా అయిపోయాయని అప్పటికే తెలుసు. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. ఆమె ఎప్పట్లాగే దగ్గరికి వచ్చి నాలుగు కాగితాలూ చూపించింది.

"అబ్బాయ్, ఈ నాల్నెల్లు మర తిరిగిందని నీకెవురు చెప్పినారు?"

నేను మిషను చూపించాను. లెక్క అదే కడుతుందని, నా చేతిలో ఏమీ లేదని అన్నాను.

"దానికి కండ్లు లేవు కదప్పా. నువ్వు చూసినావు కదా."

ఎంత బిల్లు వచ్చిందని గానీ, అంత ఎట్లా కట్టాలని గానీ ఆమె అడగలేదు. నేను ఆఫీసుకు పోయి ఇంజనీరుతో మాట్లాడమని చెప్పి మోపెడ్డు తీశాను.

ఆఫీసులో జరిగింది ఆ ఊరి లైన్‌మన్ నాకు తర్వాత చెప్పాడు. ముందు బిల్లు కట్టమన్నారట, ఆ తర్వాత మీటరు పరీక్షకు అర్జీ పెట్టుకోమన్నారట. మీటరు దానంతటది ఎందుకు నల్లబడుతుంది, ఎవరైనా ఏమైనా చేశారా అని కూడా అడిగారట. ఆమె ఆసుపత్రి కాగితాలు బల్ల మీద పెట్టింది. పేషంటు ఆసుపత్రిలో ఉన్నాడని ఇవి చెప్తున్నాయి గానీ, మర మూసి ఉందని ఎక్కడ చెప్తున్నాయి అన్నాడట ఇంజనీరు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన ముందున్న కంప్యూటరులో నేను కొట్టిన నాలుగు బిల్లులే ఉన్నాయి.

ఆమె కట్టలేదు. గడువు దాటాక ఫ్యూజు పీకేశారు. జనం డబ్బాలు నెత్తిన పెట్టుకుని పక్క ఊరి మరకు పోవడం మొదలుపెట్టారు. భర్త తరఫు దాయాది ఒకాయన కర్నూలులో ప్లాట్ల వ్యాపారం చేస్తాడు, నాయకుల దగ్గర పలుకుబడి ఉంది. ఆయన కారులో వచ్చి, అదంతా తాను కట్టేస్తానని, ఆఫీసుకు ఒక ఫోను కొడితే సాయంత్రానికి కరెంటు వస్తుందని చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు. కడితే మర తిప్పినట్టే కదా అందట. మొండితనం అనుకున్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. రెండు నెలలు ఆ వీధిలోకి ఆమె చేను పనికి పోయే వేళ చూసి పోయాను.

అసలు సంగతి లైన్‌మనే చెప్పాడు. దినాల రోజు వంటలకోసం మర షట్టరు తెరిచారు. బంధువుల కాళ్ళ కింద నాలుగు బిల్లులు పడ్డాయి. చదువుకున్నవాడెవరో తీసి చదివాడు. ప్రతి నెలా ఇన్ని యూనిట్లు కాలాయి అని. భర్త చెల్లెలు అక్కడే ఉంది. మా అన్నను ఆసుపత్రి మంచం మీద ఒంటరిగా పడేసి ఈమె ఇక్కడ మర తిప్పుకుంది అని అందరి ముందరా అంది. ఇస్తరాకుల ముందు కూర్చున్నవాళ్ళు లేచిపోయారట. అప్పటి నుంచి ఆ కారు దాయాది తప్ప ఆ వైపు చుట్టాలు ఎవరూ ఆ గడప తొక్కలేదు.

నేను తేలిగ్గా వేలితో నొక్కిన మీట అది.

మరుసటి పొద్దున్నే ఆమె దగ్గరికి పోయాను. షట్టరు పైకి లేపి లోపలికి రమ్మంది. కరెంటు లేని మర లోపల చీకటిగా, చల్లగా ఉంది. మోటరు దగ్గరికి తీసుకుపోయి వంగి చూడమంది. మోటరు చక్రానికీ బెల్టుకూ మధ్య కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టి ఉంది. బొటనవేలంత గూడు, ఎండి గట్టిపడి, చక్రాన్నీ బెల్టునూ కలిపి పట్టుకుని ఉంది. చక్రం ఒక్క చుట్టు తిరిగినా అది నలిగిపోయేది.

దినాల నాడు షట్టరు తెరిచినప్పుడే దాన్ని చూసిందట. ఆఫీసువాళ్ళు వస్తే చూపించాలని, మరను తుడవకుండా, ఎవరినీ ముట్టుకోనీకుండా అట్లాగే ఉంచింది. ఎవరూ రాలేదు. నేను ఫోనుతో నాలుగైదు ఫొటోలు తీశాను. చీకట్లో రెండు చెడిపోయాయి.

కరెంటు ఫిర్యాదులు వినే వేదిక ఒకటి ఉంటుంది. దాని సభ్యులు కర్నూలులో కూర్చునే రోజు ఒకటి ఉందని, అక్కడ అర్జీ పెట్టుకోవచ్చని చెప్పాను. అర్జీ నేనే రాశాను. ఆమె వేలిముద్ర కాదు, సంతకమే చేసింది, ఒక్కో అక్షరం విడివిడిగా. తర్వాత నన్ను అడిగింది.

"ఆడికొచ్చి నువ్వు చూసింది చెప్తావా?"

చెప్తే నా పని పోతుందన్నాను.

"నీ తప్పు చెప్పమంటంల్యా. చూసింది చెప్పమంటాండా."

ఆ రెండూ ఒకటేనని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. ఆమె మళ్ళీ అడగలేదు. మా అమ్మకు చెప్తే, అన్నం పెడుతున్నదల్లా ఆగి, ఆమె మనకు రంజాన్‌కు గోధుమలు పట్టి ఇచ్చింది కదా అంది.

ఆ రోజు ముగ్గురు సభ్యులు ఒక పొడుగు బల్ల వెనక కూర్చున్నారు. మా ఇంజనీరు ఫైలుతో వచ్చాడు. నా వంతు రాగానే నిలబడి చెప్పాను. నాలుగు నెలలూ షట్టరుకు తాళం ఉందని, తెలిసీ ఫారం నింపలేదని, మీట నొక్కి వచ్చేశానని చెప్పాను. ఫొటోలు చూపించాను. మధ్యలో కూర్చున్న పెద్దాయన ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని శానాసేపు ఆ గూడును చూశాడు. అది ఎన్ని రోజుల్లో కడుతుంది అని పక్కాయనను అడిగాడు. పక్కాయనకు తెలియలేదు.

నాలుగు నెలల బిల్లులూ రద్దు చేసి, కనీస చార్జీ మాత్రం వేసి, కొత్త మీటరు పెట్టాలని చెప్పారు. అయిపోయింది, పోవచ్చన్నారు. ఆమె పోలేదు. బల్ల చుట్టూ తిరిగి, ఆ పెద్దాయన కుర్చీ పక్కకు పోయి, ఎప్పట్లాగే దగ్గరగా నిలబడింది. ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"మర తిరగల్యా అని ఒక మాట రాయండి సామీ."

ఆ మాట అవసరం లేదమ్మా, బిల్లు సవరించాం గదా అని ఆయన నచ్చజెప్పాడు. బిల్లు సంగతి కాదు సామీ అందామె. అక్కడి నుంచి కదలలేదు. తర్వాత పిలవాల్సినవాళ్ళు తలుపు దగ్గర ఎదురుచూస్తున్నారు. చివరికి ఆయన ఆమె ముఖం చూసి, టైపు చేసే అమ్మాయికి చెప్పి రాయించాడు. సదరు నాలుగు నెలల కాలంలో పిండిమర నడవలేదని ఈ వేదిక నిర్ధారించింది, అని.

నెల తిరక్కుండా కాంట్రాక్టరు నా మిషను వెనక్కి తీసుకున్నాడు. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. ఒక పొద్దున కర్నూలులో మా ఇంటి ముందు నిలబడి ఉంది. బస్సు దిగి అడుగుతూ అడుగుతూ వచ్చిందట. తన మోటరు చుట్టే మేస్త్రీతో మాట్లాడానని, పనికి పొమ్మని చెప్పింది. మా అమ్మ కూర్చోమంటే కూర్చోలేదు. వెళ్ళేముందు, ఒక పని ఉంది, జమ్మలమడుగు దాకా నాతో రావాలప్పా అంది.

ఆడబిడ్డ ఊరు అక్కడే. జమ్మలమడుగులో దిగి, గండికోట దారిలో ఆటోలో కొంత దూరం పోవాలి. ఆడబిడ్డకు చదువు రాదు, అందుకు నేను. వాళ్ళింట్లో మమ్మల్ని అరుగు మీదే కూర్చోబెట్టారు. ఆ ఆడబిడ్డ కూడా వయసు మళ్ళిన మనిషే. నేను కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివాను. మర నడవలేదన్న వాక్యం రెండుసార్లు చదివాను. ఆమె శ్రద్ధగా విన్నది. విని నాతోనే చెప్పింది, వదినె వైపు చూడలేదు.

"కాగితం సంగతి నాకు తెల్దప్పా. నేను ఆసుపత్రికి పోయిననాడు మాయన్న నాతో చెప్పినాడు. మర తిరుగుతాండాది, ఏం దిగుల్ల్యా అని. ఆయన నోటితోనే విన్నా. పోయే మనిషి అబద్ధం చెప్తాడా?"

పెద్దమ్మ ముఖం ఒక్కసారి తెల్లబోయింది. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. తర్వాత నా చేతిలో కాగితం తీసుకుని మడిచి, పోయొస్తామ్మా అని లేచింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆమె, ఇటు నేను. బయట నల్లరేగడి నేలలు, కోసేసిన శనగ చేలు. నాకు ఆ మాట లోపల గుచ్చుకుంటూ ఉంది. మర తిరిగిందా? ఆ పురుగుగూడు నేను నా కళ్ళతో చూసిందే. అయినా ఒక మనిషి చనిపోతూ చెప్పిన మాట. నేను పని పోగొట్టుకున్నది అబద్ధం కోసమా? అడగడానికి నోరు రాలేదు. బస్సు కోవెలకుంట్ల దాటింది.

"మర తిరిగిందా లేదా అనే అందరూ అడిగినారు," అంది ఆ తర్వాత, నా వైపు తిరగకుండానే. "ఆ నాల్నెల్లు నువ్వు ఆడ ఏం చేస్తాంటివని ఒకరూ అడగల్యా."

ఏం చేశావు పెద్దమ్మా అని అడిగాను.

అప్పుడు చెప్పింది. ఆయనకు ఆసుపత్రిలో నిద్ర పట్టేది కాదట. తన వల్ల మర మూతపడిందని దిగులు. సూది తీసేసి, మంచం దిగి, ఇంటికి పోదాం పద అనేవాడు. ఇద్దరు ముగ్గురు పట్టుకోవాల్సి వచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక, మర తిరుగుతాండాది, మా తమ్ముడు వచ్చి నడుపుతాండాడు, నువ్వు పండుకో అని చెప్పింది. ఆయన పడుకున్నాడు. మరుసటి రోజు లేచి, నిన్న ఎవరెవరు వచ్చినారు అని అడిగాడు. ఆమె చెప్పింది. ఫలానా వాళ్ళు జొన్నలు తెచ్చినారని, ఫలానా వాళ్ళు కొర్రలని, ఒకామె డబ్బా మరిచిపోయిందని. ప్రతి దినమూ అడిగేవాడు. రాత్రి వరండాలో పడుకుని, రేపు ఎవరి పేరు చెప్పాలి, ఏం ధాన్యం చెప్పాలి అని అనుకుంటూ ఉండేదట. నిన్న చెప్పిన పేరే మళ్ళీ చెప్తే ఆయన పట్టేస్తాడని భయం. చివరి రోజు దాకా చెప్పింది.

"అన్నీ అబద్ధాలే," అంది. "ఆయమ్మతో కూడా ఆ మాట చెప్పినాడని నాకు తెల్దు. మందులకు కిందికి పోయింటి నేను అప్పుడు."

నేను తర్వాతి స్టాపులో దిగుదామన్నాను. వెనక్కి పోయి ఈ మాట ఒక్కటి చెప్తే చాలునన్నాను.

"వద్దప్పా. ఆయప్ప నమ్మి పోయినాడు. కడాకు పెండ్లామే ఏమార్చిందని తెలిస్తే ఆయమ్మకు వాళ్ళన్న అమాయకుడైతాడు. నన్నే అనుకోనీ. నువ్వు ఎవురికీ చెప్పొద్దు."

చెప్పనన్నాను.

ఆ తర్వాత ఆరేళ్ళు మర నడిపింది. మధ్యలో రెండుసార్లు ఆమె మోటరు నేనే చుట్టాను. ఆ సంగతి మళ్ళీ మా మధ్య రాలేదు. ఒక పొద్దున లైన్‌మన్ ఫోను చేశాడు. నిద్రలోనే పోయిందని చెప్పాడు.

నేను పోయేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. జమ్మలమడుగు నుంచి ఆడబిడ్డ కూడా వచ్చింది, మనవడు చెయ్యి పట్టుకుని ఆటో దింపాడు. ఆమె లోపలికి పోలేదు. గోడ పక్కన కూర్చుంది. శానాసేపటికి నన్ను గుర్తుపట్టి, నువ్వే కదప్పా ఆ పొద్దు కాగితం చదివింది అంది. అవునన్నాను.

నేను పక్కన కూర్చుని చెప్పేశాను. మాట తప్పానని తెలుసు. బస్సులో విన్నదంతా, జొన్నలు, కొర్రలు, డబ్బా మరిచిపోయినామె, వరండాలో వెతుక్కున్న పేర్లు, అన్నీ చెప్పాను. ఆమె తల వంచుకుని విన్నది. తిడుతుందేమో అనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"ఆ మాటలు చెప్తే మాయన్న పండుకుంటాండెనా?" అని అడిగింది.

పండుకుంటాండెనంటమ్మా అన్నాను.

ఆమె నా భుజం పట్టుకుని లేచింది. మనవణ్ణి రావద్దని, జనాన్ని తప్పించుకుంటూ ఒక్కతే లోపలికి పోయి, వదినె కాళ్ళ దగ్గర కూర్చుంది.